బొలెరోకి 200 ఆంపుల డైనమో వేసేముందు దాని వెనకాల పంపు చూసుకోండి

బండి పాత బొలెరో డీఐ, ఫోర్ బై ఫోర్. ముందు వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), పైన ఎల్ఈడీ బార్, లోపల చిన్న ఫ్రిజ్ పెడుతున్నారు. 150 ఆంపుల ఆల్టర్నేటర్ (మనం డైనమో అనేది అదే) చాలుతుందా, 200 వేయాలా అని మీ ప్రశ్న. రెండూ వద్దంటాను. మీ డైనమో వెనకాల ఒక గుండ్రటి పంపు తగిలించి ఉంటుంది. ముందు దాని సంగతి తేల్చుకోండి, ఆంపుల లెక్క తర్వాత చూద్దాం.

పెట్రోలు ఇంజిన్‌లో బ్రేక్ బూస్టర్‌కి (పెడల్ మీద మీ కాలి బలాన్ని పెంచే డబ్బా) కావాల్సిన వాక్యూమ్, అంటే గాలి పీల్పు, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్ గొట్టంలోనే పుడుతుంది. మన పాత డీజిళ్లలో గాలికి అడ్డుపడే త్రాటిల్ ఉండదు, అంచేత ఆ వాక్యూమూ ఉండదు. అందుకే డైనమో షాఫ్టుకే వెనకవైపు వాక్యూమ్ పంపు కలిపేశారు. సన్న పైపులోంచి ఇంజిన్ ఆయిల్ వచ్చి దాన్ని తడిపి మళ్లీ కిందికి దిగిపోతుంది. ఇంపోర్టు స్క్రాపులో 'పెద్ద ఆంపులు' అని అమ్మేవాటిలో పెట్రోలు కార్లవి బోలెడు ఉంటాయి. వాటికి ఈ పంపు ఉండదు.

మా రాజమండ్రి బ్యాచ్‌లో ఒకడు సరిగ్గా మీలాంటి బండికే ఇలాంటిది వేయించాడు. షాపువాడు బ్రాకెట్ వెల్డింగ్ చేసి, ఆయిల్ పైపుకి బోల్టు కొట్టి, బూస్టర్ గొట్టానికి బిరడా పెట్టి, బిల్లు చేతికిచ్చాడు. పెడల్ గట్టిగా ఉందేంటని వీడు అడిగితే 'కొత్త బ్రేకు లైనర్లు కదండీ, సెట్టవుతాయి' అన్నాడట. వీడూ నమ్మేశాడు. ఊళ్లో చదును రోడ్ల మీద నడిచిపోయింది కూడా.

ఆ తర్వాత అందరం గుడిస వెళ్లాం. మారేడుమిల్లి నుంచి పుల్లంగి దాటి పైకి ఎక్కే దారి ఎండాకాలంలోనే ఒళ్లు హూనం చేస్తుంది. మేం వెళ్లింది ముసురులో. తెల్లారగట్ల పైకి ఎక్కేశాం, కొండమీద మబ్బు తప్ప ఏం కనబడలేదు, టీ తాగి దిగడం మొదలెట్టాం. నా ముందు వాడి బొలెరో. లో రేంజ్‌లో, ఫస్ట్ గేర్‌లో బుద్ధిగానే దిగుతున్నాడు. ఒక మలుపులో కింది నుంచి టూరిస్టుల జీపు ఎదురొచ్చింది. వీడు ఆపాలి. బ్రేక్ లైట్లు వెలిగాయి, బండి మాత్రం ఆగలేదు. రెండు కాళ్లూ పెడల్ మీద పెట్టి నిలబడ్డాడని తర్వాత చెప్పాడు. ఎర్రమట్టిలో జారుకుంటూ వెళ్తున్న బండిని లోయ వైపు పోనివ్వకుండా కొండ వైపు గట్టుకి కొట్టాడు, అదీ వాడి తెలివి. బంపర్ వంగింది, ఒక హెడ్‌లైట్ పోయింది, ముందు సీట్లో కూర్చున్న బావమరిది చాలాసేపు నోరు తెరవలేదు.

ఎదురొచ్చిన జీపు డ్రైవరు కుర్రాడే. రోజూ ఆ కొండ ఎక్కి దిగేవాడు. దిగొచ్చి, అడక్కుండానే బానెట్ ఎత్తి, తల లోపలికి పెట్టి చూశాడు. "ఆయ్, మీ డైనమోకి ఎనకాల పంపేదండీ?" అన్నాడు. మావాడు 140 ఆంపులని గొప్పగా చెప్పబోయాడు. "ఆంపులు బండిని ఆపుతాయేంటండీ" అని, గొట్టానికున్న బిరడా పీకి వాడి అరచేతిలో పెట్టాడు. ఆ కుర్రాడి జీపులో డైనమో కంపెనీ నుంచి వచ్చిన పాతదే. ఆ బొలెరోని పుల్లంగి దాకా వాడే దింపాడు, అదీ బ్రేకు మీద ఆధారపడకుండా, ఇంజిన్ పట్టు మీదే.

ఇప్పుడు ఆంపులు. డబ్బా మీద రాసే అంకె ఆల్టర్నేటర్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు, అదీ చల్లటి గదిలో ఇచ్చేది. మీ డీజిల్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, 800 చుట్లు తిరుగుతుంది. పుల్లీ లెక్క రెండున్నర రెట్లు అనుకుంటే డైనమోకి అందేది 2000. అక్కడ 100 ఆంపులది సగం ఇస్తే గొప్ప. బానెట్ కింద వేడెక్కాక ఇంకా తగ్గుతుంది. ఆఫ్‌రోడ్‌లో బండి ఎక్కువసేపు ఉండేదే ఆ ఐడిల్‌కి కాస్త పైన. కాబట్టి షాపులో 'ఎన్ని ఆంపులు' అని అడక్కండి, 'వేడి మీద, 2000 చుట్ల దగ్గర ఎంతిస్తుంది' అని అడగండి. చెప్పలేకపోతే బయటికి వచ్చేయండి. పెద్ద అంకె కోసం చుట్టిన కొన్ని డైనమోలు ఐడిల్‌లో చిన్నవాటికంటే తక్కువిస్తాయి.

మీ కరెంటు ఖర్చు కూడా మీరు భయపడేంత లేదు. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లకి తొమ్మిది ఆంపుల లోపు, 120 వాట్ల బార్‌కి ఇంకో తొమ్మిది, వైపర్లు ఓ ఐదు, ఫ్రిజ్ ఓ ఐదు, ఏసీ బ్లోయర్ పదిహేను అనుకోండి. యాభై లోపే. (ఆ బార్ కొండమీదే వాడండి మహాప్రభో. ఘాట్‌లో ఎదురొచ్చేవాడి కళ్లలో కొడుతూ వచ్చేవాళ్లని చూస్తే వైరు కత్తిరించాలనిపిస్తుంది.) ఇంజిన్ ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడితే మరో ఇరవై. తీయకండి, ఉన్నది బాగానే ఉంది.

ఇక వించ్. 9500 పౌండ్ల వించ్ పూర్తి బరువు మీద 400 ఆంపులు దాటి లాగుతుంది. దాన్ని ఏ ఆల్టర్నేటరూ మోయలేదు, మోసేది బ్యాటరీ. ఒక నిమిషం 300 ఆంపులు లాగితే ఐదు ఆంపియర్-అవర్లు ఖర్చు. డైనమో 30 ఆంపులు మిగిల్చగలిగితే పది నిమిషాల్లో ఆ బాకీ తీరిపోతుంది. కాబట్టి డబ్బు మంచి బ్యాటరీ మీద, మందపాటి కేబుల్ మీద పెట్టండి. లాగేటప్పుడు ఐడిల్‌లో వదిలేయకుండా హ్యాండ్ త్రాటిల్‌తో 1500 దాకా లేపి ఉంచండి. ఖర్చు లేకుండా డైనమో వేగం దాదాపు రెట్టింపవుతుంది.

ఇంకో చవక ఉపాయం చిన్న పుల్లీ. డీజిల్ 4000 చుట్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి డైనమో మరీ వేగంగా తిరిగి చెడిపోతుందన్న భయం తక్కువ. కానీ బెల్టు ఒంటి వి-బెల్టు అయితే పట్టు తగ్గి జారుతుంది, కీచుమంటుంది. ఆ బెల్టుతో 150 ఆంపులు లాగడమంటే పగటి కల. 100 ఆంపులు ఇవ్వడానికే డైనమో ఇంజిన్ నుంచి మూడు హార్స్‌పవర్ పైన తింటుంది, ఆ బలమంతా ఆ ఒక్క రబ్బరు పట్టీ మీదే.

నేనైతే ఏం వేస్తానంటే, అదే మౌంటుకి, వెనక పంపుతో వచ్చేవాటిలో ఎక్కువ ఆంపులది. 75 నుంచి 90 మధ్య దొరికితే అక్కడితో ఆపేస్తాను. బ్రష్షులు, ఐసీ రెగ్యులేటర్ (వోల్టేజిని అదుపులో ఉంచే ముక్క), బేరింగులు రంపచోడవరం బ్యాటరీ షాపులో దొరకాలి, అదీ నా కొలత. బురదనీళ్లు దాటితే బ్రష్షులు, బేరింగులు అరగక తప్పదు, ఎంత ఖరీదైన డైనమో అయినా. ఇంపోర్టు సరుక్కి రెగ్యులేటర్ కావాలంటే కొరియర్ కోసం ఎదురుచూస్తూ లాడ్జిలో కూర్చోవాలి. లేదు, పెద్దదే కావాలని పట్టుబడితే కరెంటుతో నడిచే వాక్యూమ్ పంపు విడిగా పెట్టించండి, బ్రేకు పరీక్ష చేశాకే షాపు బయటికి తీయండి.

మీరు అడగనిది ఒకటి. డాష్‌బోర్డులో బల్బులన్నీ ఎల్ఈడీ చేసే పిచ్చి ఇప్పుడు అందరికీ ఉంది. ఛార్జింగ్ బల్బుని మాత్రం వదిలేయండి. ఆ బల్బు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటుతోనే పాత డైనమో లోపలి ఫీల్డ్ (అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) మేలుకుంటుంది. ఎల్ఈడీ పెడితే అది సరిపోక కొన్ని బళ్లు స్టార్ట్ చేశాక గట్టిగా రేజ్ చేస్తే తప్ప ఛార్జ్ మొదలెట్టవు. కొత్త డైనమో దండగని తిట్టుకుంటూ మళ్లీ షాపుకి వెళ్లేవాళ్లలో సగం మంది కథ ఇదే. డైనమో నుంచి బ్యాటరీకి వెళ్లే వైరు 25 చదరపు మిల్లీమీటర్లది వేయించి, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి ఎర్తు పట్టీ కూడా కొత్తది బిగించమనండి, కింద పెయింటు గీకి.