కంపైలర్ బిల్డ్‌లో అసర్షన్లు తీసేస్తే తప్పేంటి?

సోర్స్ నుంచి బిల్డ్ చేసుకున్న కంపైలర్ బాగా నెమ్మదిగా నడుస్తోంది, అసర్షన్లు (కోడ్ నడుస్తుండగా ఒక షరతు నిజమేనా అని చూసి, కాకపోతే ప్రోగ్రాంను అక్కడే ఆపేసే తనిఖీలు) ఆపేయవచ్చా అని అడిగారు. ఊరికే వాడుకోవడానికైతే ఆపేయండి. కంపైలర్ కోడ్‌లో ఒక్క లైను మారుస్తున్నా సరే, వాటి జోలికి పోకండి.

నేను ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టులో ఒక చిన్న ఆప్టిమైజేషన్ పాస్ (ప్రోగ్రాం వేగంగా నడిచేలా కోడ్‌ను మార్చే దశ) రాస్తున్నప్పటి సంగతి ఇది. రిలీజ్ బిల్డ్, అంటే వేగం కోసం ఆప్టిమైజ్ చేసిన బిల్డ్, వాడేవాణ్ణి. అందులో అసర్షన్లు మామూలుగా ఆఫ్‌లోనే ఉంటాయి, నేనది పట్టించుకోలేదు. కంపైల్ చక్కగా అయ్యేది, తయారైన ప్రోగ్రాం మాత్రం రన్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త చెత్త సంఖ్య చూపించేది. మూడు రాత్రులు టెస్ట్ ప్రోగ్రాంలోనే తప్పు వెతికాను. చివరికి అసర్షన్లు ఆన్ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే, మొదటి ఫైల్ దగ్గరే కంపైలర్ ఆగిపోయింది. ఫైల్ పేరు, లైను నంబరు, కాస్ట్‌కి (ఒకదాన్ని ఫలానా రకంగా చూడమనే ఆదేశానికి) ఇచ్చిన టైపు సరిపోవడం లేదన్న ఒక్క వాక్యం. అంతే, విషయం తేలిపోయింది.

నా పాస్‌లోకి వచ్చేవన్నీ లోడ్ ఇన్‌స్ట్రక్షన్లే, అంటే మెమరీ నుంచి విలువ చదివేవే, అనుకున్నాను. ఒకచోట మెమరీలో విలువ రాసే స్టోర్ వచ్చింది. అసర్షన్ లేదు కాబట్టి అడిగేవాడే లేడు. నా కోడ్ దాన్ని లోడ్ అనుకుని చెరిపేసింది. విలువ రాయాల్సిన స్టోరే పోయాక మెమరీలో ఏముంటే అదే బయటికి వచ్చింది.

అసలు చాలామంది డీబగ్ బిల్డ్‌నీ (తప్పులు వెతకడానికి చేసుకునే బిల్డ్) అసర్షన్లనీ ఒకటే అనుకుంటారు, నాకు కోపం తెప్పించేది ఇదే. మీది డీబగ్ బిల్డే అయితే, మీ కంపైలర్ నెమ్మదికి ముఖ్య కారణం అసర్షన్లు కాదు, అందులో ఆప్టిమైజేషన్ లేకపోవడం. బిల్డ్‌ను సెట్ చేసే సీమేక్ టూల్‌లో బిల్డ్ టైపు రిలీజ్ పెట్టి, అసర్షన్ల ఆప్షన్ విడిగా ఆన్ చేయండి. రోజువారీ పనికి ఆ వేగం చాలు. జీసీసీ అనే మరో కంపైలర్‌లో చెకింగ్ (లోపలి తనిఖీల) స్థాయి, రస్ట్ కంపైలర్‌లో డీబగ్ అసర్షన్లు కూడా ఇలాగే విడిగా మార్చుకోవచ్చు.

ఆఫ్ చేయక తప్పదనుకుంటే ముందు మీరు రాసిన అసర్ట్‌లన్నీ ఒకసారి చదవండి. ఆఫ్ చేస్తే అసర్ట్ బ్రాకెట్ల లోపలి కోడ్ అసలు నడవదు. సెట్‌లోకి ఇన్సర్ట్ చేసే పని అసర్ట్ లోపల పెట్టినవాళ్లను చూశాను. ఆ పనిని బయట వేరే లైనులో చేసి, ఫలితాన్ని మాత్రమే అసర్ట్‌కి ఇవ్వండి.