అయిదో గ్రేడు కోసం రాత్రులు ధారపోయాలా?

ప్రశ్న: ఏడాదిగా 'ఎలీట్ డేంజరస్' అనే అంతరిక్ష నౌకల వీడియో గేమ్ ఆడుతున్నాను. మొదట్లో ఉచితంగా ఇచ్చే సైడ్‌వైండర్ నౌకతో సరుకులు మోసి, తరువాత గనులు తవ్వి, ఈ మధ్యనే అనకొండ అనే పెద్ద నౌక కొన్నాను. దాని భాగాలన్నింటినీ అప్‌గ్రేడ్‌లలో అన్నిటికంటే పైదైన అయిదో గ్రేడుకు చేర్చాలన్న పట్టుదలతో రెండు నెలలుగా రోజూ భోజనమయ్యాక రెండు గంటల పాటు ఒకే పాడుబడిన స్థావరంలో సామగ్రి ఏరడం, ఆటను మూసి తెరవడం, మళ్లీ అదే సామగ్రి ఏరడం, ఇదే పనిగా ఉన్నాను. గెలాక్సీ నడిబొడ్డును చూడాలన్నది నా కోరిక. తోటి ఆటగాళ్లు ఎదురుపడని సోలోలోనే ఆడతాను. ఈ శ్రమ దండగేనా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆటగాళ్లు గ్రైండింగ్ అని పిలిచే ఈ పనికి మన పండితులు ఎప్పుడో పేరు పెట్టి ఉంచారు: పిష్టపేషణం, అంటే పిండినే మళ్లీ పిండి చేయడం. అయితే మీ శ్రమ అంతా దండగని నేను అనను. మీ కోరికకు పనికివచ్చే అప్‌గ్రేడ్ ఒక్కటే ఉంది, అది ఫ్రేమ్ షిఫ్ట్ డ్రైవ్‌ది, అంటే నౌకను ఒక నక్షత్రం నుంచి మరో నక్షత్రానికి ఒక్క గెంతులో (జంప్) చేర్చే యంత్రానిది. ఆ ఒక్కదాని కోసం పడే పాట్లు దండగ కావు, తక్కినవాటిలో చాలా భాగం దండగే.

లెక్క వేసి చూద్దాం. ఈ ఆటలో సూర్యుడి నుంచి గెలాక్సీ కేంద్రంలోని సాజిటేరియస్ ఏ స్టార్‌కు దాదాపు 25,900 కాంతి సంవత్సరాల దూరం. జంప్‌కు 30 కాంతి సంవత్సరాలు పోగల నౌకకు ఇంచుమించు 860 జంప్‌లు పడతాయి, 50 పోగలిగితే 520 చాలు. జంప్‌కు ఒక్క నిమిషమే అనుకున్నా పోను దారిలోనే అయిదున్నర గంటలకు పైగా మిగులుతుంది, తిరుగు ప్రయాణంలో మళ్లీ అంత. రెండు మూడు రాత్రుల శ్రమకు ఇది గిట్టుబాటు బేరమే.

ఆ పని జరిగేది డెసియాట్ నక్షత్ర వ్యవస్థలో, ఆటలో నౌకల భాగాలను మెరుగుపరిచే ఇంజనీర్లలో ఒకరైన ఫెలిసిటీ ఫార్‌సీర్ దగ్గర. అన్వేషణలో కొంత హోదా సంపాదించి, మెటా అల్లాయ్ అనే సరుకు ఒకటి సమర్పించుకుంటే ఆమె తలుపు తెరుస్తుంది. డ్రైవ్ మోయగల బరువు మొదటి గ్రేడులో 15 శాతం, మూడో గ్రేడులో 35, అయిదో గ్రేడులో 55 శాతం వరకు పెరుగుతుంది, దానితో జంప్ దూరమూ పెరుగుతుంది. అయిదో గ్రేడుకు ఆర్సెనిక్, కెమికల్ మానిప్యులేటర్లతో పాటు డేటామైన్డ్ వేక్ ఎక్సెప్షన్స్ అనే సమాచారం కావాలి. ఈ చివరిది దొరకాలంటే వేక్ స్కానర్ బిగించుకొని, రద్దీగా ఉండే స్టేషన్ బయట ఆగి, హైపర్‌స్పేస్‌లోకి వెళ్లిపోయిన నౌకలు వదిలిన జాడలను ఒక్కొక్కటిగా స్కాన్ చేయాలి. ఆ జాడలు మీ పాడుబడిన స్థావరంలో ఎన్ని రాత్రులు తిరిగినా కనిపించవు. మీరు అన్నిటికంటే ముందు చేయవలసిన పని మీరు రోజూ వెళ్లే చోట లేనే లేదన్నమాట.

ఇప్పటికే పోగైన సామగ్రిని మార్పిడి చేసుకోవచ్చు కదా అని మీకు తోచవచ్చు. మెటీరియల్ ట్రేడర్లు ఉన్నారు గానీ వాళ్ల ధరలు వడ్డీ వ్యాపారిని గుర్తుకు తెస్తాయి: ఒకే వర్గంలో ఒక్క మెట్టు పైకి ఎక్కాలంటే ఆరు ఇచ్చి ఒకటి తీసుకోవాలి, కిందికి దిగితే ఒకటికి మూడు వస్తాయి. అందువల్ల ఏరదలిస్తే పై గ్రేడు సామగ్రినే ఏరి కిందికి మార్చుకోవడం మేలు. పైగా ఒక్కో రకానికి నిల్వ పరిమితి ఉంది. మొదటి గ్రేడు సామగ్రి 300 దాటి, అయిదో గ్రేడుది 100 దాటి చేతిలో నిలవదు కనుక, పరిమితి నిండిన తరువాత ఏరినదంతా బూడిదలో పోసిన పన్నీరే.

కవచాలు, ఆయుధాల సంగతి వేరు. ఓపెన్‌లో తోటి ఆటగాళ్లతో తలపడేవారికి అయిదో గ్రేడు దాదాపు తప్పనిసరి, ఎందుకంటే అప్‌గ్రేడ్ లేని నౌక అక్కడ ఎక్కువసేపు నిలవదు. సోలోలో మీకు ఎదురయ్యేది కంప్యూటర్ నడిపే నౌకలే, దూర ప్రయాణంలో అవీ అరుదు. భారీ కవచాలు బిగిస్తే బరువు పెరిగి జంప్ దూరం తగ్గుతుంది కూడా. మీ విషయంలో అవి ఉపయోగం లేకపోగా అడ్డంకి.

ఇంకొక మాట. ఇంజనీర్లు ఈ ఆటలోకి వచ్చింది 2016లో. అప్పట్లో ఫలితం లాటరీలా ఉండేది, సామగ్రి అంతా ధారపోసినా భాగం మునుపటి కంటే నాసిగా తేలవచ్చు. 2018లో ఆ పద్ధతిని తీసివేశారు, 2024లో సేకరణను మరింత సులభం చేశారు. ముందుగా నెలల తరబడి రుబ్బినవారి శ్రమ ఖరీదు అలా రెండుసార్లు పడిపోయింది. అవసరం రాని అప్‌గ్రేడ్‌ను ముందుగానే సంపాదించి పెట్టుకోవడం నాకు నచ్చకపోవడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి స్థావరం చుట్టూ తిరగడం ఈ రాత్రితో ఆపి, వేక్ స్కానర్ కొనుక్కోండి. మూడో గ్రేడు వరకు సామగ్రి సులువుగానే దొరుకుతుంది, విసుగు పుడితే అక్కడ ఆగి బయలుదేరినా తప్పు లేదు. దారిలో నక్షత్రాల నుంచి ఇంధనం తోడుకునే ఫ్యూయల్ స్కూప్ బిగించారో లేదో చూసుకోండి. నౌక పేలితే తిరిగి పొందడానికి దాని విలువలో 5 శాతం కట్టాలి. అనకొండ ఒట్టి నౌక ఖరీదే 14 కోట్ల 70 లక్షల క్రెడిట్లు కనుక కనీసం 75 లక్షలు, బిగించిన భాగాలను బట్టి అంతకు మించి, ఖాతాలో కదపకుండా ఉంచండి. దారిలో స్కాన్ చేసిన సమాచారం స్టేషన్‌లో అమ్మేదాకా మీది కాదు. తిరుగు దారిలో నౌక పేలితే అదంతా దానితోపాటే పోతుంది.