జానపద జిజ్ఞాస: ఏడిస్తే కూలిన గోడ

ప్రశ్న: చైనా మహాకుడ్యం కట్టే పనిలో చనిపోయిన భర్తకోసం మెంగ్ జియాంగ్ అనే ఇల్లాలు ఏడిస్తే ఆ గోడ కూలిపోయిందంటారు. ఇది చరిత్రా, కల్పనా? దీనిమీద గూ జియేగాంగ్ ఏం తేల్చారు?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: గూ జియేగాంగ్ (1893–1980) సూజౌలో పుట్టిన చరిత్రకారుడు. ఆయన చదివిన పెకింగ్ విశ్వవిద్యాలయం 1918లో జానపద గేయాల సేకరణ మొదలుపెట్టి, 1922 నుంచి వాటికోసమే ఒక వారపత్రిక నడిపింది. 1924లో ఆయన ఈ కథమీద వ్యాసం రాసింది అందులోనే. కథ నిజమా అబద్ధమా అన్న వాదనలోకి ఆయన దిగలేదు. దొరికిన ప్రతి ప్రస్తావననూ కాలక్రమంలో పేర్చి, ఏ కాలంలో ఏ ముక్క వచ్చి చేరిందో చూశారు.

మొట్టమొదటి ప్రస్తావన క్రీ.పూ. 550 నాటి సంఘటనకు సంబంధించింది. ఛీ రాజ్యపు యోధుడు ఛీ లియాంగ్ యుద్ధంలో చనిపోయాడు. రాజు దారిలో ఎదురై పరామర్శించబోతే, ఆరుబయట పరామర్శ పద్ధతి కాదని అతని భార్య కాదంది. రాజు ఇంటికి వెళ్లి పరామర్శించాడు. అంతే. ఏడుపు లేదు, గోడ లేదు, ఆమెకు మెంగ్ జియాంగ్ అన్న పేరూ లేదు.

తర్వాతి గ్రంథాల్లో ఆమె శవపేటికకు ఎదురెళ్లి ఏడ్చిందన్న మాట చేరింది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో లియూ షియాంగ్ అనే పండితుడు కూర్చిన స్త్రీల చరిత్రల్లో, పది రోజులు ఏడ్చేసరికి కోటగోడ కూలిందనీ, ఆమె నదిలో దూకిందనీ ఉంది. అది ఏదో ఒక నగరపు గోడ, మహాకుడ్యం కాదు. మహాకుడ్యం కట్టించిన చిన్ వంశపు చక్రవర్తి (క్రీ.పూ. 3వ శతాబ్దం) గోడతో ముడి పడింది తాంగ్ వంశపు కాలంలో (618–907). గ్వాన్‌షియూ (832–912) కవితలో ఆమె ఒకసారి రోదిస్తే గోడ కూలుతుంది, మళ్లీ రోదిస్తే భర్త ఎముకలు మట్టిలోంచి బయటపడతాయి. ఛీ లియాంగ్ చనిపోయిన మూడు వందల ఏళ్లకు పైగా గడిచాకే ఆ చక్రవర్తి గోడ కట్టించాడు!

గూ అసలు బలం ఈ మార్పులకు కారణం వెదకడంలో ఉంది. తొలి కథలో కనిపించేది మర్యాదల పట్టింపు. మనిషి దుఃఖానికి ప్రకృతి స్పందిస్తుందన్న నమ్మకం హాన్ వంశపు కాలంలో (క్రీ.పూ. 202–క్రీ.శ. 220) బలంగా ఉండేది, గోడ కూలింది అప్పుడే. తాంగ్ కాలంలో మగవాళ్లు సరిహద్దు యుద్ధాలకు పోతుంటే, ఇళ్లలో మిగిలిన ఆడవాళ్ల బాధ ఈ కథలో చోటు వెతుక్కుంది. పారిస్‌లో ఉన్న లియూ ఫూ అనే పండితుడు అక్కడికి చేరిన, చైనా వాయవ్య గుహల్లో దొరికిన దున్‌హువాంగ్ రాతప్రతుల్లోంచి ఒక పాట గూకు రాసి పంపారు. అందులో చలిబట్టలు కుట్టాను, తీసుకెళ్లేవాళ్లు లేరు, నేనే వెళ్తానంటుంది మెంగ్ జియాంగ్. ఒక సైనికుడి భార్య గొంతు అది.

ప్రశ్న: మా ఊరి అమ్మవారి కథ ఇంటికో రకంగా చెబుతారు. గూ పద్ధతి వాడొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తప్పకుండా. ఒక్కో కథనానికి ఒక్కో కాగితం పెట్టండి. చెప్పినవారి వయసు, ఊరు, ఏ సందర్భంలో చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు అన్నవి పైన రాయండి. కథను వాళ్ల మాటల్లోనే దించుకోండి. కైఫీయత్తు (ఊరి పాత వృత్తాంతం), శాసనం, జాతరలో అమ్మే చిన్న పుస్తకం ఉంటే వాటికీ వేరే కాగితాలే. తర్వాత పట్టిక గీయండి: ఎడమవైపు కథనాలు కాలక్రమంలో, పైన ఘట్టాలు. అమ్మవారు ఎవరింటి బిడ్డ, ఎలా చనిపోయింది, ఏ మహిమ చూపింది, ఎక్కడ వెలిసింది, ఇలా. 1927లో గూ కాలంతోపాటు ప్రాంతాల వారీగా కూడా విడదీశారు కాబట్టి, పటంమీద ఊళ్లు గుర్తు పెట్టడం మరవకండి.

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే: ఒక కథనంలో లేని ఘట్టాన్ని ఇంకోదాంట్లోంచి తెచ్చి అతికి, 'పూర్తి కథ' తయారుచేస్తారు. ఆ అతుకు పడితే ఏది ఎప్పుడు చేరిందో ఇక తెలుసుకోలేం. ఖాళీ గడిని ఖాళీగానే ఉంచండి. అలాగని ఆ ఖాళీమీద ఎక్కువ ఆధారపడకండి. పాత రాతలో లేదు కాబట్టి ఆ నాటికి ఆ సంగతే లేదనడం సరికాదని 1925లోనే చరిత్రకారుడు జాంగ్ యిన్‌లిన్ గూను గట్టిగా విమర్శించారు. మా దృష్టిలో ఆ విమర్శ న్యాయమైందే. నోటి కథ రాతకెక్కడానికి తరాలు పట్టవచ్చు. పట్టిక చెప్పేది రాతలో మొదట కనబడిన తేదీ మాత్రమే, పుట్టిన తేదీ కాదు.

జాతరనూ వదలకండి. 1925లో గూ నలుగురు మిత్రులతో మూడు రోజులు బీజింగ్ దగ్గరి మియావ్‌ఫెంగ్ కొండ యాత్రకు వెళ్లి, యాత్రికుల సంఘాలు అంటించిన ప్రకటనలు నకలు రాసుకున్నారు. ఉచితంగా టీ పోసే సంఘం, చెప్పులు కుట్టిపెట్టే సంఘం, ఎవరు ఏ సేవ చేసేవారో ఆ నకళ్లవల్లే నమోదై నిలిచింది. మీ ఊళ్లో అయితే చందా పుస్తకం, కరపత్రం, గుడిగోడమీది దాతల పేర్లు ఫొటో తీసుకోండి. సున్నం వేశాక అవి ఉండవు.

ప్రశ్న: గూ రచనలు లైబ్రరీలో దొరకడం లేదు. ఏ పేరుతో వెతకాలి?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: చైనా పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, కాబట్టి 'గూ' (Gu Jiegang) కింద చూడండి. పాత ఇంగ్లిష్ పుస్తకాలు, కేటలాగులు పాత వర్ణక్రమంలో ఆయన్ని 'కు చియే-కాంగ్' (Ku Chieh-kang) అని రాస్తాయి. రెండు స్పెల్లింగులతోనూ వెతకండి.