నత్తలు చెప్పే పితూరీ

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నాలుగు నెలల క్రితం రెండడుగుల ఆక్వేరియం కొన్నాం. మొక్కలు నాటిన నెలకల్లా శనగగింజంత నత్తలు కనిపించాయి. ఇప్పుడు అద్దం నిండా అవే. షాపతను నత్తల మందు ఇచ్చాడు, ఇంకా వేయలేదు. ఈమధ్య ఒకేసారి తెచ్చిన ఆరు చేపల్లో నాలుగు వారం తిరక్కుండానే పోయాయి. ఈ నత్తల వల్లేనా? ఈసారి చేపల్ని ఎలా చూసి కొనాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ మందు సీసా మూత తియ్యకండమ్మా. నేను తీసి అనుభవించాను. కాలేజీలో జువాలజీ చెప్పే రోజుల్లో రాజమండ్రి ఇంట్లో మాకు మూడడుగుల ట్యాంకు ఉండేది. ఓ రాత్రి అలాంటి మందే వేసి పడుకున్నాను. తెల్లారేసరికి నత్తలన్నీ చచ్చి రాళ్ల సందుల్లో పడి ఉన్నాయి. ఏరినన్ని ఏరాను. అందనివి కుళ్లాయి. మూడో రోజుకు నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా అయ్యాయి. ఏంజెల్ చేపలు రెండూ పైకి వచ్చి నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుని పోయాయి. మా ఆవిడ ఇంటి కిటికీలన్నీ తెరిచి, ‘ఇదేనా మీరు పిల్లలకు చెప్పే పాఠం’ అంది. చచ్చిన నత్త కంపు ఎలా ఉంటుందో ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు.

ఈ మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. నత్తకు, రొయ్యకు అది విషం. మోతాదు మించితే చేపకూ అంతే. నా ట్యాంకులో మాత్రం అసలు పని చేసింది కుళ్లిన నత్తల నుంచి పుట్టిన అమ్మోనియా.

మీ చేపల్ని నత్తలు చంపలేదు. అవి మీ ఇంటి మీద పితూరీ చెబుతున్నాయి, అంతే. మొక్కల ఆకుల కింద జిగురుముద్దలా అంటుకుని గుడ్లు వచ్చి ఉంటాయి. అయితే తిండి లేకపోతే అవి అంతగా పెరగవు. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేయండి. ఇంట్లో ఇంకెవరైనా చాటుగా వేస్తున్నారేమో కూడా కనుక్కోండి. మా ఇంట్లో అది మా మనవడు. రాత్రి పడుకోబోయే ముందు ఒక కీరా ముక్కకు బరువు కట్టి అడుగుకు దించండి. పొద్దున దానికి పట్టిన నత్తలతో సహా తీసేయండి. వాటిని కాలవలోనో చెరువులోనో వదలొద్దు, నలిపి మట్టిలో కప్పెట్టండి.

అన్నిటినీ తీసేయాలని పంతం పట్టకండి. రాత్రిపూట రాళ్లలోంచి బయటికొచ్చే సన్నటి, మొన తేలిన గుల్లలుంటే అవి మలేషియన్ ట్రంపెట్లు. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఇసుకను తిరగేస్తుంటాయి కాబట్టి నేనైతే ఉంచుకుంటాను. గుల్ల మీద తెల్లటి గుంటలు పడుతుంటే నీళ్లలో సున్నం చాలడం లేదనుకోవచ్చు. గిన్నెలకు తెల్లపొర కట్టే బోరు నీళ్లయితే ఆ బెంగే లేదు.

ఇక చేపలు. మన ఊళ్లలో చాలా షాపులకు రంగుచేపలు చెన్నై కొళత్తూరు నుంచి ఆక్సిజన్ నింపిన కవర్లలో వస్తాయి. ఆ ప్రయాణంలో సగం ప్రాణం పోయి ఉంటుంది. అందుకే మొదట ‘సరుకు ఎప్పుడు దిగింది?’ అని అడగండి. నిన్న దిగిందంటే వారం ఆగి వెళ్లండి. అప్పటికి పోయేవి అతని దగ్గరే పోతాయి, మిగిలినవి మీకు. నచ్చిన ఒక్క చేపనే కాదు, దాని ట్యాంకు మొత్తాన్నీ చూడండి. ఒక మూల చచ్చిన చేప ఉన్నా, ఏదైనా రెక్కలు ముడుచుకుని రాళ్లకు ఒళ్లు రాసుకుంటున్నా, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నా అందులో ఏదీ కొనొద్దు. పొట్ట లోపలికి పోయినవీ వద్దు. మీ ఎదురుగా కాస్త మేత వేయమనండి. ఎగబడి తినే చేపను తీసుకోండి.

తెల్ల చుక్కల జబ్బు ఒక్కోసారి కొన్న రోజున కనపడదు, నాలుగైదు రోజులకు బయటపడుతుంది. మీ నాలుగూ దానితోనే పోయాయేమో. చుక్కలు చూశారా? రాయలేదు. ఇంకో అనుమానం కూడా ఉంది. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద తోమి కడుగుతున్నారా? మునిసిపల్ నీళ్లలోని క్లోరిన్‌తో అందులో ఉండి, చేపల మలినాల నుంచి పుట్టే అమ్మోనియాను హరించే మంచి బాక్టీరియా పోతుంది. ఆపైన ఒకేసారి ఆరు చేపలు పడితే అమ్మోనియా పెరగక ఏమవుతుంది? స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

ఈసారి రెండే తెచ్చుకోండి. కవరును పావుగంట ట్యాంకు నీళ్ల మీద తేలనిచ్చి, కొంచెం కొంచెంగా ట్యాంకు నీళ్లు కలిపి, చేపను వలతో తీసి కవరులోని నీళ్లు పారబోయండి. అసలు రెండు మూడు వారాలు విడిగా ఓ ప్లాస్టిక్ టబ్బులో ఉంచగలిగితే ఇంకా మంచిది. చిన్న స్పాంజి ఫిల్టరు, పైన వల కప్పు, అంతే ఖర్చు. చేపలు ఎగురుతాయి, ఆ వల మాత్రం మరవకండి.