అమ్మమ్మ ట్రంకుపెట్టెలో 1907 వెండి రూపాయి దొరికింది, విజయనగరంలో ఎంతకి పోతుంది?

ముందు దాన్ని తోమకండి. చింతపండు, టూత్‌పేస్ట్, విబూది ఏదీ వద్దు. ఆ నల్లటి పొర వల్ల నష్టమేమీ లేదు, రుద్దితే పడే సన్నటి గీతలు మాత్రం ఇక పోవు, నాణేలు సేకరించేవాళ్లు అవి చూడగానే ధర కోసేస్తారు.

1907 అంటే బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ బొమ్మ ఉన్న రూపాయి, కిరీటం లేని తల, గడ్డం ఉండాలి. కొత్తలో బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం, అంటే అసలు వెండి దాదాపు 10.7 గ్రాములు. గంటస్తంభం వైపు ఏదైనా వెండి షాపులో కాటా మీద పెట్టించండి. అరుగుదలకి కొంచెం తగ్గుతుంది గానీ గ్రాముకి పైగా తేడా ఉంటే అనుమానించాల్సిందే. అయస్కాంతానికి అతుక్కుంటే నకిలీ. అతుక్కోనంత మాత్రాన అసలుదని కాదు.

తర్వాత వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని చెవి పైన జుట్టు చూడండి, ముందు అరిగేది అక్కడే. వెంట్రుకల గీతలు విడివిడిగా కనిపిస్తే బేరం ఆడొచ్చు, నున్నగా ఉంటే వెండి ధర, పైన ఇంకాస్త. అంచు కూడా చుట్టూ తిప్పి చూడండి. మన ఇళ్లలో వీటికి కొండీ అతికించి మెళ్లో వేసుకునేవారు కదా, అది పీకేసిన చోట గాట్లు చెరిగిపోయి టంకం మచ్చ ఉంటుంది, అలాంటిది ఎంత మెరిసినా కరిగించే రేటే.

1907వి కలకత్తా, బొంబాయి టంకశాలల్లో విపరీతంగా కొట్టారు, కాబట్టి లక్షల ఆశ వద్దు. 1939 రూపాయి అయితే కథ వేరు, అది చాలా అరుదు.