గైడ్‌లైన్స్ చూసి పేషెంట్‌ని పంపించే ఉద్యోగంలో ఎదుగుదల ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది చదువుతోంది. మాది పల్నాడు జిల్లా. చదువయ్యాక ఊళ్లోని ఆరోగ్య కేంద్రాన్ని చూసుకునే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ (సీహెచ్‌ఓ) పోస్టుకి వెళ్తానంటోంది. ఐసీయూలో రెండేళ్లు చేసి విదేశాలకు వెళ్తే బాగుంటుందని నా ఆశ. రూల్స్ పుస్తకం చూసి రోగిని ఇంకెక్కడికో పంపించే పనిలో ఏం నేర్చుకుంటుంది? – ఒక తండ్రి

జవాబు: మీ ఆశలో తప్పేం లేదండీ. కానీ ఆ పంపించే పని గురించి ముందు కాస్త చెప్పనివ్వండి.

పక్షవాతం వచ్చిన మనిషిని పెద్దాసుపత్రి నుంచి డిశ్చార్జ్ చేశారనుకోండి. సమ్మరీలో మందులు, రివ్యూ తేదీ ఉంటాయి. ఇంటికెళ్లాక బీపీ ఎవరు చూడాలి, ముద్ద మింగలేకపోతే ఎవరికి చెప్పాలి, దగ్గర్లో ఫిజియోథెరపీ ఎక్కడ దొరుకుతుంది అన్నవి చాలాసార్లు ఉండవు. వార్డులో నర్సుకి ఇవన్నీ తట్టినా, ‘సార్ చెప్పలేదుగా’ అని ఊరుకుంటుంది. అదే గైడ్‌లైన్స్ ప్రకారం తయారైన అసెస్‌మెంట్ షీట్‌లో (రోగి పరిస్థితి అడిగి నింపే కాగితంలో) ‘ఇంట్లో చూసుకునేవాళ్లెవరు? పడిపోయే ప్రమాదం ఉందా?’ అని గడులుంటే అడిగి తీరాలి. అడిగితే అవసరం బయటపడుతుంది, కాగితం మీదికొచ్చిన అవసరాన్ని ఎవరూ అంత తేలిగ్గా వదిలేయలేరు. నర్సింగ్ గైడ్‌లైన్స్ వల్ల రిఫరల్స్, అంటే రోగిని తగిన చోటికి పంపడం, పెరిగేది ఇందుకే. డాక్టర్ నోటిమాట కోసం కాచుకోకుండా, ఫలానా పరిస్థితిలో ఫలానా చోటికి పంపాలని చెప్పే ధైర్యం నర్సుకి వస్తుంది.

మీరు విదేశాలంటున్నారు కాబట్టి అక్కడి సంగతే చూడండి. కెనడాలోని ఆంటారియోలో నర్సుల సంఘమే 1999 నుంచి ఇలాంటి గైడ్‌లైన్స్ తయారు చేయిస్తోంది. షుగర్ పేషెంట్ల కాలి పుండ్లు, పెద్దవాళ్లు జారిపడటం, తల్లిపాలు, ఇలా ఎన్నో విషయాల మీద ఉన్నాయి. బ్రిటన్‌లో వైద్య గైడ్‌లైన్స్ తయారు చేసే నైస్ సంస్థ 2015లో ఇచ్చిన గైడ్‌లైన్, ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లే పేషెంట్ ఏర్పాట్లన్నీ ఒక్కరి బాధ్యతగా అప్పగించమంది. ఆ పని చేసేవాళ్లలో నర్సులు చాలామందే. ఐసీయూ అనుభవానికి గిరాకీ ఉన్న మాట నిజం. అయితే విదేశాలకు దారి అదొక్కటే కాదు.

ఇక మన దగ్గర. సీహెచ్‌ఓ ముప్పై ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్ చూస్తుంది. బీపీ 140/90 దాటుతుంటే పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి పంపుతుంది. ఆయన నిర్ధారించి మందులు మొదలుపెట్టాక పేషెంట్ మళ్లీ ఈమె దగ్గరికే రావాలి, నెలనెలా మాత్రలకి, చెకప్‌కి. పైకి పంపడం సులువే. వెళ్లాడా, తిరిగొచ్చాడా, మాత్రలు మింగుతున్నాడా అన్నది పట్టుకోవడమే అసలు పని. మిర్చి కోతల సీజన్‌లో ఒకరోజు కూలి పోగొట్టుకుని పీహెచ్‌సీకి ఎవరెళ్తారు? ఆ సంగతి ఏ గైడ్‌లైన్‌లోనూ రాసి ఉండదు, ఊరు తెలిసిన నర్సుకే తెలుస్తుంది. ‘నా మీదికి రాకుండా ఉంటే చాలు’ అని ప్రతివాళ్లకీ చీటీ రాసిచ్చేవాళ్లూ ఉన్నారు. గడుల్లో టిక్కులు పడతాయి, పేషెంట్ మాత్రం ఎక్కడికీ వెళ్లడు.

పైనుంచి కిందికి, అంటే పెద్దాసుపత్రి నుంచి ఊరికి వచ్చే దారి మన దగ్గర ఇంకా బలహీనం. పుట్టిన బిడ్డల విషయంలో కొంత నయం: ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికెళ్లి చూడాలని కేంద్రం గైడ్‌లైన్‌లోనే ఉంది. టీబీ పేషెంట్‌కి పోషకాహారం కోసం నెలకు ఇచ్చే డబ్బును 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలు చేశారు. ఆ మాట వార్డు నర్సు ఎంతమందికి చెబుతోంది? కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చింది. అక్కడ పంచాయతీ తరఫున నర్సే మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్తుంది.

నా సలహా ఇది. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఏడాది పాటు ఐసీయూలో కాకుండా మెడికల్ వార్డులో చేయనివ్వండి. ఎవరు నిజంగా ప్రమాదంలో ఉన్నారో కళ్లతో గుర్తుపట్టడం అక్కడే వస్తుంది, ఊళ్లో డాక్టర్ పక్కన ఉండడు కదా. ఈలోగా సీహెచ్‌ఓ నోటిఫికేషన్ వస్తే వదులుకోవద్దు. అది కాంట్రాక్టు పోస్టు, బదిలీలు, జీతం గురించి నోటిఫికేషన్ మొత్తం చదివాకే అప్లై చేయమనండి. ఒకప్పుడు విడిగా చేయాల్సిన ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ కోర్సును బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో కలిపారు. మీ అమ్మాయి బ్యాచ్‌కి అది వర్తిస్తుందో లేదో కాలేజీలో రాతపూర్వకంగా కనుక్కోండి. నచ్చితే తర్వాత కమ్యూనిటీ హెల్త్‌లో ఎమ్మెస్సీ ఉంది. బ్రిటన్ ఆలోచన ఉంటే ఓఈటీకి (వైద్య రంగం వాళ్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్షకి) ఇప్పటినుంచే రోజూ ఓ గంట కేటాయించమనండి. ఆ పరీక్ష రైటింగ్‌లో సాధారణంగా అడిగేది రిఫరల్ లెటరో, డిశ్చార్జ్ లెటరో రాయమనే.