టెక్ సందేహాలు: ఫోర్క్‌లిఫ్ట్‌కి ఎంత గట్టి హారన్ కావాలి?

భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో సూపర్‌వైజర్‌ని. మా బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ రివర్స్ హారన్ మోగుతున్నా ప్యాకింగ్ వాళ్లు తప్పుకోవడం లేదు. 97 డెసిబెల్స్‌ది తీసేసి 112ది పెట్టమని షాపువాళ్లు అంటున్నారు. పెట్టమంటారా?

వద్దండి. మీవాళ్లకు వినపడక కాదు, విని విని పట్టించుకోవడం మానేసి ఉంటారు. ప్యాలెట్ మీద కార్టన్లు ఎత్తుగా పేరిస్తే ఆపరేటర్‌కు ముందు దారి కనపడదు. అందుకని బండిని వెనక్కి నడుపుతాడు, నడపాల్సింది కూడా అలాగే. దాంతో షిఫ్ట్‌లో చాలాసేపు హారన్ మోగుతూనే ఉంటుంది. చివరికి ‘నాన్నా పులి’ కథే అవుతుంది. 112ది పెడితే అదే పులి ఇంకాస్త గట్టిగా అరుస్తుంది, అంతే.

హారన్ మీద రాసే అంకె సుమారు మీటరు దూరంలో కొలిచినది. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 97ది నాలుగు మీటర్ల దగ్గర 85 అవుతుంది. రేకుల షెడ్డులో గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి అంత కూడా తగ్గదు. మనిషికి వినపడాలంటే చుట్టూ ఉన్న మోత కన్నా 5 నుంచి 10 డెసిబెల్స్ ఎక్కువుంటే చాలు. ఫ్యాన్లు, కంప్రెసర్లు నడుస్తున్నప్పుడు ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో హాల్లో నాలుగు చోట్ల చూడండి. అంకె కచ్చితంగా ఉండదు గానీ ఎక్కడ మోత ఎక్కువో తెలుస్తుంది. హారన్‌కు అందరికన్నా దగ్గరగా రోజంతా కూర్చునేది ఆపరేటరే, ఆయన చెవుల సంగతి కూడా ఆలోచించాలి కదా.

నా ఓటు రెండింటికి. ఒకటి, చుట్టూ ఉన్న మోతను తనే కొలుచుకుని దానికి తగ్గట్టు పెరిగి తగ్గే హారన్. రెండోది వైట్ నాయిస్ హారన్. ఇది ‘బీప్ బీప్’ అనదు, ‘ష్... ష్...’ అంటుంది. ఒకే స్వరం షెడ్డులో మోగితే ఏ పక్కనుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. చాలా స్వరాలు కలిసిన ఈ శబ్దం ఎటునుంచి వస్తోందో ఇట్టే తెలుస్తుంది. రెండు బండ్లు తిరిగే చోట ఈ తేడా చాలా పెద్దది.

దాంతోపాటు బ్లూ స్పాట్ లైట్ పెట్టండి. మూల తిరగకముందే నేల మీద నీలి మచ్చ కనపడుతుంది. అయితే ఎంత దూరంలో పడుతోందో చూసుకోండి. గంటకు 10 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 2.8 మీటర్లు. మచ్చ నాలుగు మీటర్ల ముందు పడితే మనిషికి దొరికేది సెకనున్నర కూడా కాదు. అయిదారు మీటర్లకు సర్దండి. రోజూ నీళ్లతో కడిగే ప్లాంట్ కాబట్టి లైటైనా హారనైనా కనీసం ఐపీ67 ఉండాలి (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత ఆగుతుందో చెప్పే రేటింగ్ ఇది). ప్రెషర్ పంపుతో వేడినీళ్లు కొడతారా, అయితే ఐపీ69కె. బిగించే క్లాంపులు స్టెయిన్‌లెస్‌వే తీసుకోండి, ఉప్పునీటికి మామూలు ఇనుము ఆగదు. కోల్డ్ స్టోరేజ్‌లోకి వెళ్లే బండి అయితే మైనస్ 30 డిగ్రీల దాకా పనిచేస్తుందని కంపెనీ రాసి ఉందో లేదో చూడండి.

అదే లైటు గురించి పాలకొల్లు నుంచి ఇంకొకరు: మా ఫోర్క్‌లిఫ్ట్ 48 వోల్టులది, కొన్న లైటు 12 వోల్టులది. బ్యాటరీలో ఆరు సెల్స్ నుంచి వైరు లాగితే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.

లైటు వెలుగుతుంది, బ్యాటరీ పోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో 2 వోల్టుల సెల్స్ 24 ఉంటాయి. ఆ ఆరు మాత్రమే ఎక్కువ ఖాళీ అవుతాయి, ఛార్జర్ మాత్రం అన్నిటికీ ఒకేలా ఛార్జ్ పెడుతుంది. ఆ ఆరూ ఎప్పుడూ నిండవు, ముందే చచ్చిపోతాయి. లక్షల బ్యాటరీకి వందల లైటు ఎసరు పెట్టినట్టు. 10 నుంచి 80 వోల్టుల దాకా పనిచేసే లైట్లు దొరుకుతున్నాయి, మార్చుకోండి. లేదంటే ఐసొలేటెడ్ డీసీ కన్వర్టర్ (48 వోల్టులను 12కు తగ్గించేది, రెండు వైపులకూ నేరుగా వైరు సంబంధం ఉండనిది) పెట్టించండి, ఫ్యూజు మరవద్దు. ఇంకో సంగతి: కారులోలాగా నెగటివ్ వైరును బాడీకి బిగించనివ్వకండి. బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టుల్లో మామూలుగా బాడీకి కరెంటుతో సంబంధం ఉండదు.

మండపేట రైస్ మిల్లు యజమాని: డీజిల్ బండికి బ్లూ లైట్ పెట్టించాం. యార్డులో అసలు కనపడటం లేదు.

ఎండలో కనపడదండి, లైటు తప్పేం లేదు. అది గోడౌన్‌కే. యార్డు కోసం బండి పైకప్పు మీద పసుపు ఫ్లాషర్ పెట్టించండి. లారీ దగ్గర బస్తాలు మోసే ముఠా వాళ్లకు తల ఎత్తితే కనపడాలి. గోడౌన్‌లో తిరిగేటప్పుడు బ్లూ లైట్ అద్దం మీద తవుడు పేరుకుంటుంది, షిఫ్ట్ మొదట్లో ఒకసారి తుడిపించండి. రాత్రి లోడింగ్‌కు పక్క ఇళ్లవాళ్లు గొడవ చేస్తున్నారని కూడా రాశారు. పైన చెప్పిన వైట్ నాయిస్ హారన్ మీకూ పనికొస్తుంది, దాని మోత బీప్ అంత దూరం పోదు.